‘మంచిగనే ఉంది’లో రాలిపోయిన ‘నే’

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, “మేడమ్, మా సర్వీసుకు ఐదు మార్కులకు ఎన్ని వేస్తారు?” అని అడిగింది. గ్యాస్ వాళ్లో బ్యాంకు వాళ్లో సరిగ్గా వినలేదు. నాలుగు వేశాను. ఎందుకంటే ఆ పిల్ల గొంతు అలసిపోయి ఉంది. మూడు వేస్తే కారణం అడుగుతుంది, ఈలోగా పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఆ నాలుగు ఎక్కడికో పోయి, ఇంకెవరిదో నాలుగుతో కలిసి, ఏదో ఆఫీసులో తెర మీద రంగుల బొమ్మ అవుతుంది. దాన్ని చూసి పెద్దమనుషులు చప్పట్లు కొడతారు. ఈ సంగతి నాకెలా తెలుసంటే, సర్వీసంతా అలాంటి బొమ్మలు తయారుచేసే బతికాను.

సర్వే పనుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇది నేను సాధించిన గొప్ప పని కాదు. ఒక్క అక్షరం పారేసుకుని, ఒక ముసలామెకు నిలువ నీడ లేకుండా చేయబోయిన సంగతి.

డెబ్భైల చివర్లో నేను ఒక పరిశోధన సంస్థలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. పేరు గంభీరంగా ఉంటుంది గానీ దానికి కావలసినవి ఒక అట్ట, దానికో క్లిప్పు, ఒక గొడుగు, ఎవరింట్లోనైనా మంచినీళ్లు అడగగలిగే మొండితనం. మా ప్రొఫెసర్ పైదేశంలో చదివి వచ్చినవారు. ఊరు కృష్ణాజిల్లా. పరిశోధనలన్నీ బీరువాల్లో చెదలపాలవుతున్నాయని ఆయనకు మహా బాధ. “మనం కనుక్కున్నది నెల తిరక్కుండా ఆ సంస్థ నడిపేవాళ్ల చేతిలో పెట్టాలి. వాళ్లు చూసి, లోపాలు సరిదిద్దుకోవాలి. అదీ ఫీడ్‌బ్యాక్!” అనేవారు. ఆ మాట మాకు అప్పుడు కొత్త. ఆయన లేనప్పుడు ఆయనలాగే వేలెత్తి ఆ మాట అని నవ్వుకునేవాళ్లం.

మొదట వృద్ధాశ్రమాలను పట్టుకున్నాం. నా వంతుకు పత్తర్‌గట్టి వెనక సందులోని ఆశ్రమం వచ్చింది. ఉస్మాన్‌గంజ్ వ్యాపారులు నలుగురు కలిసి పెట్టింది, కమిటీ కూడా వాళ్లే. పాతకాలపు రెండంతస్తుల ఇల్లు, కింద ఆడవాళ్లు, పైన మగవాళ్లు. మిల్లుల్లో చేసినవాళ్లు, కుట్టుమిషను తొక్కినవాళ్లు, ఇళ్లల్లో వంటలు చేసినవాళ్లు, అంతా కలిపి ముప్పై మంది దాకా ఉండేవారు. నేను పుట్టి పెరిగింది అక్కడికి నడిచి పోయేంత దూరంలోనే. “వాళ్ల భాష నీకు తెలుసు, నువ్వే వెళ్లు” అన్నారు ప్రొఫెసర్. నేనూ తెలుసనే అనుకున్నాను.

ఆశ్రమం మేనేజరు బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేసి రిటైరైన మనిషి. డిపో వదిలినా డిపో ఆయన్ని వదల్లేదు. గోడ మీద నల్లబల్ల, దాని మీద సుద్దతో టైమ్ టేబుల్. ఛాయ్ 6.10. టిఫిన్ 8.05. పగటి బువ్వ 12.20. మాపటి బువ్వ 5.00. ప్రతిదానికీ ఇనపముక్క మీద గంట కొట్టేవారు. పది నిమిషాలు ఆలస్యంగా మెట్లు దిగిన ముసలాయనకు గిన్నె మూసి చూపించి, “బండి ఎల్లిపోయింది. మళ్ల బండి పొద్దుగాలనే” అనేవారు. చెడ్డమనిషి కాదు. తెల్లారకముందే లేచి నీళ్ల తొట్లు తనే కడిగేవారు, జ్వరం వచ్చినవాళ్లను రిక్షా ఎక్కించుకుని తనే దవాఖానాకు తీసుకుపోయేవారు. కాకపోతే మనుషులు కూడా బస్సుల్లాగా టైముకు ఆకలి వేసుకోవాలని ఆయన పట్టుదల.

నేను వచ్చిన పని వివరించాను. ఫీడ్‌బ్యాక్ అనగానే ఆయన ముఖం గంటుపెట్టుకున్నారు.

“ఫీడంటే తిండి. బ్యాకంటే వాపస్. మా తాన తిండి ఎవ్వరు వాపస్ చెయ్యరు మేడమ్. పెట్టిందంత తింటరు.”

అది కాదని చెప్పడానికి అరగంట పట్టింది. చివరికి, “మీ ఆశ్రమం ఎట్లా నడుస్తోందో రాసిస్తాం సార్” అంటే, “గట్ల చెప్పుండ్రి! సర్టిఫికెటా?” అని కుర్చీ వేయించారు.

ఇక ప్రశ్నపత్రం. దాన్ని తయారుచేసినవాళ్లకు ముసలివాళ్లతో మాట్లాడే అవసరం ఎప్పుడూ పడినట్టు లేదు. “ఈ సంస్థయందు అందించబడుచున్న ఆహార సదుపాయముల పట్ల మీ సంతృప్తి స్థాయి ఏమి?” అని నేను చదవగానే, పైఅంతస్తులోని దర్జీ తాత కంగారుగా తన మోచేయి పట్టుకున్నాడు.

“సంతృప్తి స్థాయంటే ఏంది బిడ్డా? రక్తం దీస్తరా?”

కాదు తాతా, ఇక్కడ తిండి ఎట్లుందో చెప్పమని అర్థం అన్నాను. “గదా? మంచిగనే ఉంది” అన్నాడు. కాగితం మీద మూడు గళ్లున్నాయి: బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు. మంచిగ అంటే బాగుండడమే కదా, మొదటి గడిలో టిక్కు పెట్టాను. పక్కాయన్ని అడిగాను. “మంచిగనే ఉంది.” కింద ఆడవాళ్లను అడిగాను. “మంచిగనే ఉంది బిడ్డా.” టిక్కు, టిక్కు, టిక్కు. ఇంత తొందరగా తెమిలిన సర్వే నా సర్వీసులో మరొకటి లేదు.

ఒక్క ఆయమ్మ దగ్గర ఆగింది. ఆమె ప్రసూతి దవాఖానాలో ఆయాగా చేసి వచ్చిన మనిషి, అందరూ ఆయమ్మ అనే పిలిచేవారు. ఆమె మంచం మేనేజరు పడుకునే ఆఫీసు గదికి ఆనుకుని ఉన్న గోడ పక్కన. నా ప్రశ్న పూర్తి కానివ్వలేదు.

“బాగలేదని రాయి. పొద్దుండంగనే ఐదింటికి బువ్వ వెట్టి పండుకోమంటే మేమేమన్న కోళ్లమా, గంప కింద కమ్మెటందుకు? మళ్ల తెల్లారి ఎనిమిదిదాంక పండ్లకు పనిలేదు. గా మేనేజరుకు మస్తు సార్లు చెప్పిన. ఇనడు.”

మూడో గడిలో టిక్కు పెట్టాను.

మా ఆఫీసులో లెక్కలు కట్టే గుమాస్తా ఉండేవారు. అంకెలంటే ప్రాణం, మనుషులంటే చిరాకు. నా కాగితాలు కూడి, “ఇంత శుభ్రమైన పట్టిక నా సర్వీసులో చూడలేదమ్మా! ఆ ఒక్కటీ లేకపోతే కడిగిన ముత్యంలా ఉండేది” అన్నారు. ప్రొఫెసర్ తొందరమీద నెల తిరక్కుండానే రిపోర్టు టైపై, సంతకమై, మేనేజరుకు పోస్టులో వెళ్లింది. అందులో రెండో పేజీలో ఉంది ఆ వాక్యం: ‘ఒకరు మినహా నివాసులందరూ భోజన సదుపాయముల పట్ల పూర్తి సంతృప్తి వ్యక్తం చేసిరి.’ పేరు రాయలేదు కదా అని మేం నిశ్చింతగా ఉన్నాం.

రెండు వారాల తర్వాత ఒక సంతకం కోసం ఆశ్రమానికి వెళ్లాను. మేనేజరు గుమ్మం దాకా ఎదురొచ్చారు. ఛాయ్ తెప్పించారు. చూస్తే మా రిపోర్టు రెండో పేజీ, అద్దం పటం కట్టించి, నల్లబల్ల పక్కన గోడకు వేలాడుతోంది.

“మీ ఫీడ్‌బ్యాక్‌తోని నాకు మస్తు ఫాయిదా అయింది మేడమ్. ఇన్ని రోజులు గామె ఒక్కతే లొల్లి వెడ్తుందని నేనంటే కమిటీ నమ్మలే. ఇప్పుడు ముద్రగొట్టి మీరే చెప్పిండ్రు. ఒకరు మినహా అని. గా ఒక్కరెవరో నాకు తెల్వదా?”

ఆయన బల్ల సొరుగులోంచి ఒక దరఖాస్తు తీసి చూపించారు. సదరు నివాసి తోటివారి ప్రశాంతతకు భంగం కలిగిస్తున్నందున ఆమెను ఆమె బంధువుల వద్దకు పంపుటకు అనుమతించగలరు. జతపరచిన ఆధారం: పరిశోధన సంస్థ వారి నివేదిక. వచ్చే ఆదివారం కమిటీ మీటింగు.

ఛాయ్ తాగకుండానే కప్పు కింద పెట్టేశాను. ఆయమ్మకున్న బంధువు ఒక్కడే, ఫలక్‌నుమాలో ఉండే చెల్లెలి కొడుకు. ఒకటే గది, అందులో ఏడుగురు మనుషులు, ఒక వెల్డింగు మిషను. అక్కడ పడుకోవడానికి చోటు లేకనే ఆమె ఇక్కడికి వచ్చింది. నేను పెట్టిన టిక్కులే ఆమెను మళ్లీ అక్కడికి నెట్టబోతున్నాయి. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

ఆయమ్మ దగ్గరికి వెళ్లి తల దించుకుని నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ పక్కకు జరిగి కూర్చోమంది.

“ఒక్క మాట అడుగుత చెప్పు బిడ్డా. వీళ్లంత నీకేం చెప్పిండ్రు?”

“మంచిగ ఉందన్నరు ఆయమ్మా.”

“మంచిగ ఉందన్నరా, మంచిగనే ఉందన్నరా?”

నేను కూర్చుని బియ్యంలో రాళ్లు వెతకడం మొదలుపెట్టాను.

“గా ‘నే’ ఏడ వోయింది? మంచిగ ఉందంటే మంచిగున్నట్టు. మంచిగనే ఉందంటే ఏదో నడుస్తుంది, ఇగ అడగకు అన్నట్టు. ఈ గల్లీల పుట్టినదానివే గద, తెల్వదా?”

తెలుసు. అంతకు ఏడాది ముందే నా పెళ్లయింది. అత్తగారింట్లో ఎట్లుందని మా అమ్మ అడిగిన ప్రతిసారీ నేను చెప్పింది అదే మాట. అదే ‘నే’. మా అమ్మ ఆ రాత్రి అన్నం తినేది కాదు. అంత తెలిసినదాన్నే, కాగితం మీద దానికి గడి లేదని వదిలేశాను.

“మరి వాళ్లు నిజమెందుకు చెప్పలేదు ఆయమ్మా?”

“ఎట్ల చెప్తరు? బతికినన్నాళ్లు రెక్కల కష్టం తిన్నోళ్లు. నాకు ఆకలైతుందని పరాయిదానివి నీకు చెప్తే ఇజ్జత్ వోదా? ఎవ్వల కడుపు సంగతి వాళ్లు చెప్పరు. పక్క మంచం సంగతి అడుగు. ఆపితే ఆగరు.”

మర్నాడు ప్రొఫెసర్ ముందు నిలబడి, పట్టిక మొత్తం తప్పని చెప్పాను. ఆయన కళ్లజోడు తీశారు. గుమాస్తాగారైతే ముత్యం పగిలినట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

“ఒక్క అక్షరం కోసం రిపోర్టు వెనక్కి తీసుకోమంటావా?”

“ఒకటే అక్షరం సార్. కానీ అందరి నోటి నుంచీ వచ్చింది. మీ వైపు ‘బాగానే ఉంది’ అంటారు చూడండి, అది.”

“బాగానే ఉంది” అని ఆయన పైకే అన్నారు. మళ్లీ ఒకసారి మెల్లగా అన్నారు. ఎందుకో ముఖం మారిపోయింది. “మా ఇంట్లో ఆదివారం నేను కాఫీ పెడతాను. మా ఆవిడ తాగి ప్రతిసారీ... బాగానే ఉంది అంటుంది” అని ఆగిపోయారు. తర్వాత కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “వెళ్లు. మళ్లీ అడిగిరా. ఆదివారం కమిటీ ముందు నువ్వే చెప్పు” అన్నారు.

మళ్లీ అట్ట పట్టుకుని వచ్చిన నన్ను చూసి మేనేజరుకు అనుమానం వచ్చింది. “అయిపోయింది గద, మళ్ల ఏంది?” అన్నారు. “వెరిఫికేషన్ సార్” అన్నాను. “చెకింగా? చెకింగు మంచిదే. చెకింగు లేకనే డిపోలు ఖరాబైనయ్” అని దారి వదిలారు.

దర్జీ తాత దగ్గర మొదలుపెట్టాను. నీ సంగతి అడగను తాతా, నీ పక్కాయనకు ఇక్కడెట్లుంది అన్నాను.

“నాకేంది, నాకు మంచిగనే ఉంది. గా మూలకున్నాయన సంగతి రాయి. ఎనిమిది కాంగనే దిండు గలీబుల చెయ్యి వెడ్తడు. పుట్నాలు! గాయన కరకర నములుతుంటే నాకు నిద్రెట్ల వడ్తది?”

మూలనున్న ఆయన ఇంతెత్తున లేచాడు. “నాది తర్వాత. గా దర్జీ సంగతి ముందుగాల రాయి. నిద్రల పూరీలు పూరీలని కలవరిస్తడు. మొన్న పూరీ అనుకొని నా చెవు గుంజిండు!”

కింద ఒక అవ్వ నా చెవి దగ్గరికి వచ్చి, “పక్కామె కొంగు ముడిల బెల్లం దాస్తది, చీమలన్ని నా మంచానికొస్తున్నయ్” అని చెప్పింది. పక్కామెను అడిగితే గొంతు తగ్గించింది. “నాకు బెల్లమెందుకు బిడ్డా? రాత్రి గామెకే కండ్లు తిరుగుతయ్. అడిగితే చెప్పదు. ఒక ముక్క నోట్ల వెడ్తే తేరుకుంటది. గందుకే దాస్త.” ఆమె చెప్పేది నేను రాసుకోలేకపోయాను, కళ్లు మసకబారి గళ్లు కనబడలేదు.

ఆ పక్క మంచం ప్రశ్న ఆ తర్వాత మా సంస్థ చేసిన అన్ని సర్వేల్లోకీ ఎక్కింది. ప్రొఫెసర్ దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి పెట్టారు. న్యాయంగా ఆయమ్మ ప్రశ్న అని పెట్టాల్సింది.

ఆదివారం వచ్చింది. హాల్లో బల్ల మీద తెల్ల దుప్పటి, నాలుగు కుర్చీల్లో కమిటీ. అధ్యక్షుడు ఎండుమిర్చి హోల్‌సేల్ సేటు. ఆయన పక్కన కూర్చున్న పాపానికి మేనేజరు ఆగి ఆగి తుమ్ముతున్నారు. మిగతా ముగ్గురూ సమోసాల పని చూస్తున్నారు. ఒక పక్కన ఆయమ్మ ఉతికిన చీరలో నిలబడి ఉంది. ఆమె చేతిసంచి అప్పటికే సర్దుకుని మంచం మీద పెట్టి వచ్చిందని నాకు తెలుసు. తలుపు బయట ముసలివాళ్లంతా గుమిగూడారు.

నేను నిలబడ్డాను. మొదటి రిపోర్టు తప్పు, తప్పు నాది అని మొదలుపెట్టి, పుట్నాలు, పూరీలు, బెల్లం, అన్నీ చదివాను, ఎవరివో చెప్పకుండా. ముగ్గురు సేట్లు సమోసాలు నెమ్మదిగా ప్లేట్లలో పెట్టేశారు.

మేనేజరు మండిపడ్డారు. “పటం కట్టిచ్చిన కాయిదం తప్పంటే ఎట్ల మేడమ్? ఎవరన్నరు గిదంత? పేర్లు చెప్పుండ్రి!”

“చెప్పను సార్. పోయినసారి ‘ఒకరు’ అని చెప్పినందుకే ఇంత దూరం వచ్చింది.”

“ఐదింటికి పెట్టకపోతే ఎట్ల సేట్‌జీ?” అని మేనేజరు సేటు వైపు తిరిగారు. “వంటాయన ఊరవతలికి పోవాలె. గా బస్సు తప్పితే గాయనకు మళ్ల గంటన్నరదాంక బస్సు లేదు. బస్సు టైము నాకు తెల్వదా?”

సేటు అంతా విని, మీసం తడుముకుని అడిగారు. “అరె భాయ్, నువ్వు గూడ ఈడనే తింటవ్ గద. నీకెట్లుంది?”

“నాకేంది సేట్‌జీ,” అన్నారు మేనేజరు నిటారుగా నిలబడి, “మంచిగనే ఉంది.”

తలుపు బయట నవ్వు గుప్పుమంది. దర్జీ తాతకు దగ్గొచ్చింది. నేను అట్ట ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఏమన్నానని మేనేజరు అటూ ఇటూ చూశారు.

“ఈయన పక్క రూము ఎవరిది?” అన్నారు సేటు.

అందరూ ఆయమ్మ వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుంది.

“నాకు చెప్పబుద్ధి గాదు సేటూ. ఎల్లగొడ్తుండని కసి దీర్చుకుంటున్నదంటరు.”

“అనరు. చెప్పు.”

“గాయన ఐదింటికి అందరికన్న ముందుగాల తింటడు. బువ్వ ఉడికిందో లేదో జూడాలె గద. ఏడున్నర కాంగనే ఆఫీసుల అల్మార తాళం చప్పుడైతది. అటుకులు. కరకరమంటే మాకు వినవడ్తదని నీళ్లల్ల నానవెట్టుకొని తింటడు. గోడ ఇవతల పండేదాన్ని, నాకు తెల్వదా? పెండ్లాం పోయిన కాడికెల్లి ఈడనే ఉంటుండు, పండుగకు గూడ యాడికి వోడు. అందర్ని గంట గొట్టి బువ్వకు పిలుస్తడు గని, గాయన్ని తిన్నవా అని అడిగెటోళ్లు ఎవ్వరు లేరు.”

నేను మేనేజరు వైపు చూడలేకపోయాను. నా ప్రశ్నపత్రం ఆశ్రమంలో అందరినీ అడిగింది, ఆ గదిలో ఒంటరిగా ఉండే మనిషిని తప్ప. ఆయన మా లెక్కలో ఫీడ్‌బ్యాక్ అందుకునేవాడే గానీ ఆకలి వేసేవాడు కాదు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ నాకెవరూ చెప్పలేదు, మీకైనా చెప్పాలని ఇదంతా రాస్తున్నాను.

సేటు గొంతు సవరించుకున్నారు. “బువ్వ ఏడున్నరకు పెట్టుండ్రి. వంటాయన బస్సు సంగతేంది?”

“గాయన వండి మూతలు వెట్టి ఐదింటికి పోనీ,” అంది ఆయమ్మ. “వడ్డించుడు మాకు రాదా? ఇండ్లల్ల జిందగీ అంత చేసింది గదే.”

ఇంత తేలిక సంగతి ఎవరికీ తట్టనందుకు నలుగురు సేట్లూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మేనేజరు నల్లబల్ల దగ్గరికి వెళ్లి, 5.00 తుడిచి 7.30 అని రాశారు. సున్నా వంకరపోయింది. ఆయన దాన్ని దిద్దలేదు.

“ఇగ ఈ దరఖాస్తు సంగతేంది?” అని సేటు ఆ కాగితం పైకెత్తారు. “ఈమెను పంపిద్దామా?”

మేనేజరు వచ్చి దాన్ని సేటు చేతిలోంచి తీసుకున్నారు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆయమ్మ వైపు చూడకుండా, సేటుతోనే అన్నారు.

“గీమెను పంపిస్తే నా సంగతి ఎవరు చెప్తరు సేట్‌జీ?”